వెనక్కివ్వాల్సిన అంగుళం

ఎవరి జింక కొమ్ములు కొలవాలన్నా ఓర్లెన్ టైట్ ముందు చేతులు కడుక్కుంటారు. తర్వాత బల్ల మీద పాత తువ్వాలు పరిచి, కళ్ళజోడు తుడుచుకుంటారు. అప్పుడు చొక్కా జేబులోంచి సన్నటి ఉక్కు టేపు తీసి, "ఎన్ని రోజులైంది?" అని అడుగుతారు. జింకను కొట్టి అరవై రోజులు నిండలేదని తెలిస్తే టేపు మళ్ళీ జేబులోకి వెళ్ళిపోతుంది. పచ్చిగా ఉన్న కొమ్ము ఆరేసరికి కొంచెం కుంచించుకుపోతుంది. పచ్చి కొమ్ముకు వచ్చిన అంకె చెప్పుకుని బారుల్లో తిరిగే మగవాళ్ళు మా హెగ్ లోయలో చాలామందే ఉన్నారు గానీ, వాళ్ళ అంకెల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఓర్లెన్ చెప్పిందే అంకె.

ముప్పై ఎనిమిదేళ్ళు ఆయన పాల ట్యాంకరు నడిపారు. ఏ మలుపులో ఏ మగజింక రోడ్డు దాటుతుందో, పోయిన ఏటికీ ఈ ఏటికీ దాని కొమ్ములు ఎంత పెరిగాయో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. "పశువులున్న ఇంటికొచ్చి జింకల క్షేమం అడిగిపోతాడు" అనేది మా అమ్మమ్మ.

ఆయన షెడ్డు తలుపు లోపలివైపు పెన్సిలు గీతలుంటాయి. పిల్లలు ఎదుగుతున్నప్పుడు గోడ మీద ఎత్తు గీసుకుంటారే, అలాగ. 1974లో నూట రెండు. 1983లో నూట ఇరవై ఒకటి, నాలుగు. 1991లో నూట ముప్పై తొమ్మిది, ఆరు. అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేసి చెప్పడం మా అలవాటు. చివరి 'ఆరు' అంటే ఎనిమిదిలో ఆరు వంతులు. రెండు కొమ్ముల పొడవు, వాటి రెమ్మలు, చుట్టుకొలతలు, మధ్య వెడల్పు అన్నీ కూడితే వచ్చే అంకె అది. మా దగ్గర నూట నలభై అందుకుంటేనే గొప్ప. ఓర్లెన్ ఆ గీతకు పావు అంగుళం కింద ఆగిపోయారు. తర్వాత ముప్పై మూడు శీతాకాలాలు మంచె ఎక్కినా అక్కడే ఉండిపోయారు.

నూట నలభై దాటింది ఆయన భార్య మార్వెల్.

ఆ కథ లోయలో అందరికీ నోటికి వచ్చు. 1994 నవంబరు, వేట మొదలైన శనివారం. 'బిషప్' అని తనే పేరుపెట్టుకున్న మగజింక కోసం ఓర్లెన్ మూడేళ్ళుగా కాచుకుని ఉన్నారు. ఆ పొద్దున రెండో డ్రైవరుకు నడుం పట్టేసింది. ఆవులకు వేట వారమని తెలియదు కదా, పాలు ఆగవు. కాఫీ తెచ్చిన భార్యను మంచె ఎక్కించి, "నేనొచ్చేదాకా సీటు వెచ్చగా ఉంచు" అని ఆయన వెళ్ళిపోయారు. ఆమె తుపాకీ ఆమె దగ్గరే ఉంది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఆమె మంచె కింద కూర్చుని రొట్టె తింటున్నారు. పక్కనే బిషప్ పడి ఉంది.

"సీటు వెచ్చగానే ఉంది, ఎక్కి చూసుకో" అన్నారట.

అరవై రోజులు ఆగి ఓర్లెన్ కొలిచారు. నూట నలభై, ఒకటి. మొగుడి కంటే మూడు వంతులు ఎక్కువ. ఆ మూడు వంతులతో ఆమె బతికినంతకాలం ఆయన్ని ఏడిపించారు. కేకు కోస్తే, "నీకు మూడు వంతులు తక్కువ కోస్తున్నా, అలవాటేగా" అనేవారు. జబ్బు ముదిరాక తమ ఇద్దరి సమాధిరాయికి తనే స్వయంగా పని పురమాయించారు. రాయి మీద మగజింక బొమ్మ, దాని కింద ఆ అంకె చెక్కించారు. ఆరేళ్ళ కిందట ఆ రాయి కిందికే వెళ్ళారు.

నా పేరు సోల్వే. అమ్మ మంచాన పడ్డ ఏడాది పదకొండో తరగతి మధ్యలో బడి మానేశాను. గార్విన్ గారి మాంసం దుకాణంలో, వచ్చిన ప్రతి జింకకూ ఎవరిది, ఎంత బరువు, సాసేజీకా కూరకా అని చీటీలు రాస్తాను. నా రాత బాగుంటుందని అంటారు. అందుకే ఊరి ఫైరింజన్లుండే ఫైర్ హాలు వాళ్ళు ఓక్ చెక్కతో కొత్త బోర్డు చేయించినప్పుడు, జాబితా రాసే పని నాకు పెట్టారు. నూట నలభై, ఆ పైన వచ్చిన లోయవాళ్ళ పేర్లన్నీ ఆ బోర్డు మీదికి ఎక్కుతాయి. తగాదాలు రాకుండా మార్చి నెలలో ఒక ఆదివారం బయటి నుంచి సర్టిఫికెట్టున్న కొలతగాణ్ణి పిలిపించి, పాతవీ కొత్తవీ అన్నీ మళ్ళీ కొలిపించాలని నిర్ణయించారు.

అందులో మార్వెల్ పేరు నేనే రాశాను, ఎవరినీ అడగకుండా. ఓర్లెన్ సంతోషిస్తారనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆయన సాసేజీకి వచ్చినప్పుడు, మార్వెల్ తమ్ముడు డ్యువేన్ బెర్గ్ మా దుకాణంలోనే ఉన్నాడు. డ్యువేన్‌కు అరవై ఎనిమిదేళ్ళున్నా లోయలో ఎవరూ 'గారు' అనరు, పసిపిల్లలతో సహా. గోడకు అంటించిన జాబితా వేలితో చదువుకుంటూ వచ్చి ఆగాడు.

"ఓహో! మా అక్క పేరుంది. బావా, నీ పేరు మాత్రం కనపడదేం?"

"నాది నూట ముప్పై తొమ్మిది. ఉండదు" అన్నారు ఓర్లెన్.

"అయ్యో. పోన్లే, ఈసారి బయటివాడు కొలుస్తున్నాడు. అక్క కోసం నీ టేపు ఎంత సాగిందో ఇన్నాళ్ళకి తేలిపోతుంది!"

గార్విన్ గారు నవ్వారు. ముప్పై ఏళ్ళుగా లోయంతా వింటున్న పరిహాసమే అది. కానీ ఓర్లెన్ నవ్వలేదు. జాబితాలో ఆ పేరు దగ్గర చూపు నిలిపి, తూకం వేసిన పొట్లం బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయారు.

సాయంత్రం పని అయ్యాక ఆ పొట్లం పట్టుకుని నేను వాళ్ళింటికి వెళ్ళాను. మార్వెల్ జింక తల కట్టెల పొయ్యి పైన, గోడ మీద ఉంది. అంతకుముందు రెండు మూడుసార్లు వెళ్ళినప్పుడే ఒక సంగతి గమనించాను. ఆ గదిలో కుర్చీలన్నీ పొయ్యివైపు తిరిగి ఉంటాయి. ఓర్లెన్ కుర్చీ ఒక్కటే కిటికీవైపు తిరిగి ఉంటుంది, జింకకు వీపు పెట్టి.

"ఆ పేరు నేనే రాశాను. మీకిష్టం లేకపోతే కొట్టేస్తాను" అన్నాను. ఎలా పలికానో నాకే తెలియదు.

"కొట్టేస్తే ఎందుకు కొట్టేశావని అడుగుతారు. నేను చెప్పాల్సొస్తుంది. కూర్చో అమ్మాయ్."

ఆయన లేచి మార్వెల్ వంటల చీటీల డబ్బా తెచ్చారు. అందులోంచి పసుపుపచ్చబడిన కాగితం తీసి నా ముందు పెట్టారు. బిషప్ కొలతలు. తర్వాత జేబులోంచి టేపు తీసి కొస చూపించారు. చివర ఉండాల్సిన కొక్కెం లేదు.

"ఇది ఎనభై తొమ్మిదిలో విరిగింది. అప్పట్నుంచి సున్నా దగ్గర పట్టను. ఒకటో అంగుళం గీత దగ్గర పట్టి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తా. చాలామంది అలాగే చేస్తారు. ఆ ఒకటి వెనక్కివ్వడం మర్చిపోకూడదు, అంతే. అందుకే 'ఒకటి వెనక్కి' అని పైకి అంటా."

ఆ మాట నేనూ విన్నదే. ఆయన కొలిచేటప్పుడు ప్రార్థనలో ఆమెన్ అన్నట్టు ప్రతి కొలతకూ ఆ మాట అంటారు.

"ఆ రోజు ఆదివారం, చర్చి నుంచి వచ్చాం. ఆవిడ నాకెదురుగా కూర్చుంది. 'జాలి చూపించావో, ఈ కాఫీ నీ నెత్తిన పోస్తా' అంది. అన్నీ సరిగ్గానే చేశా. కుడివైపు రెండో రెమ్మ దగ్గరికొచ్చా. టేపు పెట్టా, చూశా. అప్పుడు ఫోను మోగింది. పాల ఫ్యాక్టరీ వాళ్ళు. ట్యాంకరు కవాటం గడ్డకట్టిందని. మాట్లాడి వచ్చి, బుర్రలో ఉన్న అంకె రాసేశా. పది, మూడు."

వేలు ఆ అంకె మీద పెట్టారు.

"ఆ పది వెనక్కిచ్చాక మిగిలిన పదా, ఇవ్వకముందు పదా? నాకు తెలీదు. ఎడమది తొమ్మిది, అయిదు. కుడిది తొమ్మిది, మూడైనా వింతేం కాదు. నేను కూడేసరికి నూట నలభై, ఒకటి వచ్చింది. ఆవిడ బూట్లు తొడుక్కుని మంచులో నడుచుకుంటూ తమ్ముడింటికి చెప్పడానికి వెళ్ళిపోయింది. ఎలా వెనక్కి పిలవను?"

"తర్వాతైనా..."

"తర్వాత కొలిస్తే, ఎందుకు కొలుస్తున్నావంటుంది. ఆవిడకి నూట నలభై రావాలని నాకెంత ఉందో నాకే తెలుసు. అలా కావాలనుకునేవాడి చేతికి టేపు ఇవ్వకూడదు. ఇంకెవరైనా తన భార్యవి కొలుస్తానంటే నేనే అడ్డు చెప్పేవాణ్ణి." కాగితం తనవైపు లాక్కున్నారు. "ఇప్పుడు రాయి మీద కూడా చెక్కి ఉంది. ఒక అంగుళం తేడా వస్తే ఆవిడ అబద్ధం కింద పడుకుని ఉన్నట్టే. నేను కొలిచిన ప్రతివాడూ వాళ్ళింటి కొమ్ములవైపు అనుమానంగా చూస్తాడు. చూడాలి కూడా."

ఇంట్లో ఇప్పుడు కొలిచి చూసుకుంటే పోదా అని అడగబోయాను. అంతలో ఆయన టేపు మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు.

ఆ మూడు వారాలూ ఆయన్ని చూస్తూ వచ్చాను. చర్చిలో కాఫీ దగ్గర నిలబడకుండా వెళ్ళిపోయేవారు. బెల్టుకు ఇంకో రంధ్రం పొడుచుకున్నారు. ఎవరో కొత్త కొమ్ములు తెస్తే, కళ్ళు సరిగా ఆనడం లేదని చెప్పి పంపేశారు. ఇదంతా నా చక్కటి రాత తెచ్చిపెట్టిందే కదా అని, చీటీలు రాయడానికి పెన్ను పట్టుకున్నప్పుడల్లా నాకు అనిపించేది.

కొలతల ఆదివారం మంచు కరిగి రోడ్లన్నీ బురదగా ఉన్నాయి. ఫైర్ హాల్లో ఇంజన్లు బయటికి తీసి బల్లలు వేశారు. ఒక మూల మాంసం, బంగాళదుంపలు కలిపి కాల్చిన హాట్‌డిష్ ట్రేలు, కాఫీ డ్రమ్ము, పుల్లటి రబార్బ్ కాడల కేకు. గోడ పొడవునా కొమ్ములు ఆనించి పెట్టారు. వచ్చిన కొలతగాడు విల్లార్డ్ స్కోగ్ అనే పెద్దాయన, ఒకప్పుడు బడిలో వడ్రంగం నేర్పినవారు. ఆయన అంకె పలికితే రాయడానికి పక్కన నన్ను కూర్చోబెట్టారు.

ఓర్లెన్ ట్రక్కు వచ్చి ఆగడం కిటికీలోంచి చూశాను. ముందే వచ్చి బయట నిలబడ్డ డ్యువేన్ జింక తలను రెండు చేతులా ఎత్తుకుని లోపలికొచ్చాడు. ఓర్లెన్ దిగలేదు.

విల్లార్డ్ గారు తలను బల్ల మీదికి తీసుకుని, "బాగున్నాయే. ఈ కొమ్ములు ఎవరివి?" అన్నారు.

"మా అక్కవి."

"మీ అక్కకి కొమ్ములున్నాయా?"

"మా బావనడగండి, కాపురం చేసింది ఆయన."

హాలంతా నవ్వింది. నేను కాగితం మీదికి వంగాను. పాత కాగితంలోని అంకెలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి.

మధ్య వెడల్పుతో మొదలైంది. "పదిహేడు, మూడు" అన్నారు విల్లార్డ్ గారు. పాతది పదిహేడు, నాలుగు. అప్పుడే ఒక వంతు పోయింది. కొమ్ముల పొడవులు రెండూ సరిపోయాయి. కుడివైపు మొదటి రెమ్మ సరిపోయింది.

తర్వాత ఆ రెండో రెమ్మ. విల్లార్డ్ గారు మొదలు దగ్గర పెన్సిలుతో సన్నగా గీత గీసి, టేపు పెట్టారు. తీసేశారు. కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ పెట్టారు. ఆ రెమ్మ వెనక్కి వంగి ఉంది. కంటితో చూస్తే పొట్టిదో పొడవుదో చెప్పలేం. నేను చూడలేదు. గళ్ళలో ఖాళీగా ఉన్న చోటునే చూస్తూ కూర్చున్నాను.

"పది..." అన్నారు.

ఎవరో చెంచా కింద పడేశారు.

"పది, మూడు."

రాశాను. మూడు అంకె కొంచెం వంకరగా వచ్చింది. ఆ తర్వాతి అంకెలన్నీ నా చేయి రాసుకుంటూ పోయింది. కూడిక మూడుసార్లు చేశాను. విల్లార్డ్ గారు క్యాలిక్యులేటరు మీద ఒకసారి చేశారు. నూట నలభై. పైన వంతులేమీ లేవు, కింద కూడా లేవు.

"పాత అంకె నూట నలభై, ఒకటి. ఆ ఒక్క వంతూ వెడల్పులోనే పోయింది" అన్నాను. అంతమందిలో నేను నోరు తెరవడం నాకే వింతగా ఉంది.

"తల ఎక్కడ తగిలించారు?"

"కట్టెల పొయ్యి పైన."

"ముప్పై ఏళ్ళ సెగకి ఒక్క వంతే పోయిందంటే గట్టి జింకే. మొదట కొలిచినాయన చేయి మంచిది. ఎవరాయన?"

నేను కోటు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తాను.

ఓర్లెన్ చేతి తొడుగులతోనే స్టీరింగు పట్టుకుని ఉన్నారు. ఇంజను ఆపేసి ఉంది. అద్దం కొట్టాను. దించారు.

"కుడివైపు రెండోది పది, మూడు" అన్నాను.

"మళ్ళీ చెప్పు."

"పది, మూడు. రెండుసార్లు పెట్టి చూశారు."

ఆయన ఊపిరి వదిలి నెమ్మదిగా ముందుకు వంగి నుదురు స్టీరింగు మీద ఆనించారు. హారన్ మోగింది. ఆయన తల తియ్యలేదు; అది మోగుతూనే ఉంది. హాల్లోంచి మనుషులు ప్లేట్లు పట్టుకుని బయటికొచ్చారు. అందరికంటే ముందు డ్యువేన్.

"ఏమైంది బావా? గుండెనొప్పా?"

ఓర్లెన్ తలెత్తారు. హారన్ ఆగింది. ముఖం తడిగా ఉంది గానీ నవ్వుతున్నారు. "మొత్తం ఎంత?" అని నన్నే అడిగారు.

"నూట నలభై. నిండుగా. ఒక్క వంతు పొయ్యి సెగకి పోయిందన్నారు."

"పొయ్యి పైన పెట్టొద్దని చెప్పా! 'అందరికీ కనపడాలి' అంది. చెబితే వింటేనా!" అని స్టీరింగు మీద గుద్దారు. ఆరేళ్ళ కిందట పోయిన మనిషిని అంత హాయిగా తిట్టడం నేనెప్పుడూ చూడలేదు.

డ్యువేన్‌కు సంగతి అర్థం కాలేదు. ఓర్లెన్ అక్కడే, ట్రక్కు తలుపు తీసి కాళ్ళు బయటికి పెట్టి కూర్చుని చెప్పారు: ఫోను, అంగుళం, ముప్పై ఏళ్ళు. వింటున్నకొద్దీ డ్యువేన్ ముఖం పాలిపోయింది.

"మరి నేను... ఇన్నేళ్ళూ టేపు సాగింది, టేపు సాగింది అంటుంటే..."

"ఆ. అంటూనే ఉన్నావు."

"ఛ, బావా! నీకు సాగదీయడం చేతకాదని లోయంతటికీ తెలుసు కాబట్టే అన్నాను. ఎవడో దొంగవెధవని అలా అంటే అది పరిహాసం అవుతుందా, తగాదా అవుతుంది గానీ!"

"ఆ ముక్క అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది."

"నువ్వు అడిగితే కదా." డ్యువేన్ ముక్కు తుడుచుకున్నాడు. ఉండబట్టలేక, "ఇప్పుడు రాయి మీద ఒక్క వంతు ఎక్కువుంది మరి. ఆ వంతు చెరిపించేద్దామా?" అన్నాడు.

"ముట్టుకున్నావంటే మీ అక్క లేచి వస్తుంది. అరవయ్యో రోజు అంకె అది. అదే ఉంటుంది."

లోపలికి వెళ్ళారు. విల్లార్డ్ గారు ఆయన టేపు చూడాలని అడిగి, విరిగిన కొస చూసి నవ్వి, తన దగ్గరున్న కొత్త టేపు ఇవ్వబోయారు. ఓర్లెన్ వద్దన్నారు. తర్వాత హాట్‌డిష్ రెండు ప్లేట్లు తిన్నారు. మూడోది డ్యువేన్ తెచ్చిపెడితే అదీ తిన్నారు. బెల్టు సడలించుకుంటుంటే, కొత్త రంధ్రంలోంచి పాతదాంట్లోకి మారడం చూశాను.

"బావా, నీ నూట ముప్పై తొమ్మిది కూడా తెచ్చి కొలిపిద్దామా? ఏమో, పెరిగిందేమో."

"దాని మానాన దాన్ని ఉండనీరా."

ఇంటికి వెళ్ళేటప్పుడు తాళం నా చేతికిచ్చి, "నువ్వు నడుపు అమ్మాయ్, నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి" అన్నారు. జింక తలను మా ఇద్దరి మధ్య సీటు మీద నిలబెట్టాం. డ్యువేన్ తన బండిలో నిచ్చెన వేసుకుని వెనకే వచ్చాడు. పాల ఫ్యాక్టరీ మలుపు దాటకముందే ఓర్లెన్ నిద్రపోయారు, తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని. కుడివైపు రెండో రెమ్మ ఆయన టోపీకి తగులుతూ ఉంది. గుంటలు వచ్చిన చోటల్లా బండి నెమ్మది చేశాను. డ్యువేన్ వెనక నుంచి లైట్లు కొట్టాడు, త్వరగా పొమ్మని. నేను పోలేదు.

తలను మళ్ళీ గోడకెక్కించేటప్పుడు పొయ్యి పైన వద్దనుకున్నాం. ఎదుటి గోడకు, కిటికీ పక్కన మేకు కొట్టాడు డ్యువేన్. ఓర్లెన్ తన కుర్చీలోనే కూర్చుని, దాన్ని ఎప్పట్లా కిటికీవైపే ఉంచి, "కొంచెం ఎడమకి. ఇంకొంచెం. మీ అక్క ముక్కు పగలగొట్టకు" అని చెబుతూ ఉన్నారు.